ఇంటి ఆవరణలో కారు షెడ్డు, అందులోనే పని బెంచీ: కొలతల నుంచి చివరి బిల్లు దాకా

"కారు షెడ్డుకు ఎంతవుతుందండీ?" అని చాలామంది అడుగుతున్నారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఎంత పొడవు, కింద ఏం వేస్తారు, లోపల ఏం పని చేసుకుంటారు అన్నవి తేలకుండా ఎవరు రేటు చెప్పినా అది గాలిలో అంకే. అందుకే పని వరుసలోనే చెబుతాను. ఉదాహరణకు 200 గజాల స్థలం (30 × 60 అడుగులు), గ్రౌండ్ ప్లస్ వన్ ఇల్లు, ఒక కారు, ఒక స్కూటర్ ఉన్నాయనుకుందాం. ఆదివారాల్లో చెక్క పనో, బండి రిపేరో చేసుకునే అలవాటు ఉందనుకుందాం.

మొదటే ఒక మాట. తర్వాత మార్చలేనివాటికి ముందు డబ్బు పెట్టండి. నేల, వాలు, కరెంటు పైపులు, తలుపు వెడల్పు ఒకసారి వేస్తే వేసినట్టే. పనిముట్లు మాత్రం వచ్చే దసరాకి కూడా కొనుక్కోవచ్చు. నేను దీన్ని తలకిందులు చేశాను. ముందు కంప్రెసర్ కొన్నాను. దాన్ని నడిపే ప్లగ్గు లేక అది ఏడాదిన్నర గోనెసంచి కప్పుకుని కూర్చుంది.

1. ఏ పనికో ముందు రాసుకోండి

ఓ కాగితం మీద గత ఏడాదిలో మీ చేత్తో చేసిన పనులు రాయండి. చేయాలనుకున్నవి కాదు, చేసినవి. ఆ జాబితాను బట్టి మీరు ఈ మూడింట్లో ఒక రకం కిందికి వస్తారు.

- చిన్న పనులు: బండి కడగడం, గాలి కొట్టడం, ఫ్యాను, కుళాయి బాగుచేయడం. ఒక బెంచీ, ఒక అలమర, రెండు ప్లగ్గులు చాలు.
- మధ్యరకం: ఆయిల్ మార్చడం, బ్రేకులు చూసుకోవడం, డ్రిల్లు, గ్రైండరు, కొంచెం చెక్క పని. గట్టి నేల, వేరే కరెంటు లైను కావాలి.
- పెద్ద పని: వెల్డింగ్, కంప్రెసర్, రంపం మిషన్. వీటికి కరెంటు లోడు పెంచుకోవాలి, శబ్దం, పొగ గురించి ఆలోచించాలి.

చాలామంది మధ్యరకంలోనే ఉంటారు. ఈ గైడు వాళ్ల కోసమే.

2. ముగ్గుపిండితో కొలవండి

కాగితం మీద గీసిన ప్లానులో అన్నీ పడతాయి. నేల మీద గీస్తే నిజం తెలుస్తుంది. అక్కడ ముగ్గుపిండితో గీత గీసి, కారును ఆ గీతల మధ్య నిలిపి, నాలుగు తలుపులూ తీసి చూడండి.

మన దగ్గర చిన్న కార్లు ఎక్కువగా 4 మీటర్ల లోపే, అంటే దాదాపు 13 అడుగులు. పన్ను తక్కువ పడుతుందని కంపెనీలు ఆ హద్దు దాటవు. క్రెటా లాంటి బండి 4.3 మీటర్లు, అంటే 14 అడుగుల పైమాటే. వచ్చే కారు ఇప్పటిదానికంటే పెద్దదే ఉంటుందనుకుని లెక్క వేయండి.

పొడవు లెక్క ఇలా:

- కారు: 14 అడుగులు
- బెంచీ లోతు: 2 అడుగులు
- బెంచీ ముందు మనిషి నిలబడే చోటు: 3 అడుగులు
- వెనక షట్టరు దగ్గర: 1 అడుగు
- మొత్తం: 20 అడుగులు

వెడల్పు: అద్దాలతో కలిపి కారు ఆరున్నర అడుగులు, డ్రైవరు వైపు తలుపుకు 3 అడుగులు, అవతల నడవడానికి 1½ అడుగు, గోడ అరలకు 1 అడుగు. మొత్తం 12 అడుగులు. అంటే 12 × 20 అడుగుల జాగా. స్కూటరుకు ఇంకో రెండున్నర అడుగుల వెడల్పు దొరికితే మంచిదే. దొరక్కపోతే కారు పక్కన కాకుండా షెడ్డు ముందు పెట్టండి.

అంత జాగా లేనివాళ్లు బెంచీని చక్రాల మీద చేయించుకోవచ్చు. పని ఉన్న రోజు కారు బయటికి, బెంచీ మధ్యకి.

3. అనుమతి, పక్కింటివాళ్లు, వాస్తు

ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ మీదే కదా అని అందులో షెడ్డు వేసేస్తారు. ఆ సెట్‌బ్యాక్‌లో శాశ్వత కట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. మీ మంజూరైన ప్లాను పట్టుకుని మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో, పల్లెలో అయితే పంచాయతీ కార్యాలయంలో ముందే అడగండి. అపార్టుమెంటు కింద స్టిల్టు పార్కింగుకు గోడలు కట్టి గదిగా మార్చడం అసలే కుదరదు.

పక్కింటివాళ్లతో గొడవ రెండింటితోనే వస్తుంది. ఒకటి మీ రేకుల మీది వాన నీళ్లు వాళ్ల గోడ అవతల పడటం, రెండోది గ్రైండరు శబ్దం. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. గ్రైండరు ఆ లెక్కలో ఎక్కడా ఇమడదు. కాబట్టి పని వేళలు వాళ్లతో మాట్లాడి పెట్టుకోవడమే దారి.

వాస్తు చూసే ఇల్లయితే వాహనాలకు వాయువ్యం అంటారు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడిగేయండి. గోడ లేచాక అడిగితే పగలగొట్టే కూలి కూడా మీదే.

4. బడ్జెట్: మొత్తం కాదు, వాటాలు

రేట్లు ఊరికొకలా ఉంటాయి, నెలకొకలా మారతాయి. వాటాలు మాత్రం పెద్దగా మారవు. చేతిలో 3 లక్షలు ఉంటే నేనైతే ఇలా విడగొడతాను:

- నేల, పునాది గుంతలు, మట్టి పని: 75,000
- ఇనుప ఫ్రేము, రేకులు: 90,000
- షట్టరు లేదా గేటు: 30,000
- కరెంటు: 36,000
- బెంచీ, అరలు: 24,000
- పనిముట్లు: 15,000
- ముట్టుకోకూడని నిల్వ: 30,000

ఇంటి స్లాబు కిందే షెడ్డు వస్తుంటే ఫ్రేము ఖర్చు పోతుంది. ఆ మిగులును పనిముట్లకు తోసేయకండి, సగం నేలకి, సగం కరెంటుకి వేయండి. పదో వంతు నిల్వ మాత్రం కదిలించొద్దు. తవ్వితే పాత డ్రైనేజీ పైపు బయటపడటం మన ఇళ్లలో మామూలే.

కొటేషన్లు కనీసం మూడు తీసుకోండి. ఒక్కొక్కరూ ఒక్కో కొలతకు రేటు చెబితే పోల్చలేరు కాబట్టి, మీరే ఓ కాగితం మీద కొలతలు రాసి అందరికీ అదే ఇవ్వండి. అడగాల్సినవి:

- రేటులో జీఎస్టీ కలిసిందా? సిమెంటు మీద అది 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమైంది. పాత లెక్క చెబుతున్నారేమో చూడండి.
- కూలి మాత్రమేనా, మెటీరియల్‌తో సహానా?
- ఫ్రేము పైపు మందం, రేకు మందం మిల్లీమీటర్లలో ఎంత?
- మట్టి, చెత్త ఎత్తివేత ఎవరిది?
- డబ్బు ఏ దశలో ఎంత ఇవ్వాలి?

పైపు మందం దగ్గరే ఎక్కువగా మోసపోతాం. దీనికి చిన్న చిట్కా ఉంది. 50 × 50 మిల్లీమీటర్ల చదరపు పైపు 2 మిల్లీమీటర్ల మందంతో 6 మీటర్ల పొడవుంటే సుమారు 18 కిలోలు తూగుతుంది. అదే 1.6 మిల్లీమీటర్లయితే 14½ కిలోలే. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాటా మీద పెడితే తేలిపోతుంది.

5. నేల: ఇక్కడ పిసినారితనం వద్దు

ఇంటి ముందు వేసిన నున్నటి టైల్సే షెడ్డులోనూ వేయించాను. మొదటిసారి జాకీ పెట్టి కారు లేపినప్పుడు టైలు పగిలింది, జాకీ పక్కకు జారింది. అదృష్టం బాగుండి చెయ్యి కింద లేదు. టైలు కింద ఎక్కడో బోలుగా ఉంటుంది, జాకీ బరువంతా అరచేతి వెడల్పు జాగా మీదే పడుతుంది, అందుకే పగులుతుంది.

కాంక్రీటు నేలే మేలు. అందంగా కావాలంటే పైన తాండూరు బండలో, బేతంచర్ల బండలో వేసుకోవచ్చు. జాకీ పెట్టే చోట మాత్రం కాంక్రీటు అలాగే వదిలేయండి.

వరుస:

1. పైమట్టి, వేర్లు తీసేయండి. మొరం పోసి, నీళ్లు చల్లి, అరడుగు చొప్పున పొరలుగా దిమ్మిస కొట్టించండి. ఒకేసారి అడుగున్నర పోసి పైపైన కొడితే రెండు వర్షాలకే కుంగుతుంది.
2. చెదల మందు ఇప్పుడే. నేల వేశాక కొట్టాలంటే రంధ్రాలు పెట్టాలి.
3. కరెంటు, నీటి పైపులు నేలలోంచి పోయేవుంటే ఇప్పుడే వేయండి. ఒక ఖాళీ పైపు అదనంగా వేసి రెండు చివర్లా మూత పెట్టండి. ఎప్పుడో ఒకసారి ఆ పైపే మిమ్మల్ని కాపాడుతుంది.
4. 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) బెడ్డు 4 అంగుళాలు.
5. దానిపైన 1:1½:3 కాంక్రీటు 4 అంగుళాలు.

12 × 20 అడుగులకు, 4 అంగుళాల పై పొర అంటే 80 ఘనపు అడుగులు. దానికి సిమెంటు 18 నుంచి 19 బస్తాలు, ఇసుక దాదాపు 34 ఘనపు అడుగులు, 20 ఎంఎం కంకర 67 ఘనపు అడుగులు పడతాయి. కింది బెడ్డుకు 8 బస్తాలు, ఇసుక 38, 40 ఎంఎం కంకర 76 ఘనపు అడుగులు. మేస్త్రీ "యాభై బస్తాలు దింపించండి" అంటే ఈ లెక్క చూపించండి. నవ్వుతూనే చూపించండి, రేపు మళ్లీ ఆయనే కదా రావాలి.

వాలు గేటు వైపు, 20 అడుగులకు రెండున్నర అంగుళాలు. నీటి ట్యూబుతో రెండు వైపులా లెవెలు చూసి గోడ మీద గీత పెట్టించండి. కంటి అంచనా వద్దు.

షెడ్డు నేల రోడ్డు కంటే ఎత్తుగా ఉండాలి. ఎంత ఎత్తు? మన ఊళ్లలో పాత రోడ్డు తవ్వకుండా దానిపైనే కొత్త రోడ్డు వేస్తారు. వేసిన ప్రతిసారీ రోడ్డు ఇంటి కంటే పైకి లేస్తుంది. అది మనసులో పెట్టుకుని కనీసం ఒక అడుగు ఎత్తు ఉంచండి. ర్యాంపు మాత్రం మీ గేటు లోపలే దిగాలి, రోడ్డు మీదికి రాకూడదు.

పై పొర ఒకే పలకగా వదిలేస్తే ఎక్కడ పడితే అక్కడ బీటలు వస్తాయి. 6 × 10 అడుగుల నాలుగు గళ్లుగా ఒక అంగుళం లోతు కోతలు పెట్టించండి. పగిలినా ఆ గీతలోనే పగులుతుంది, కంటికి కనిపించదు.

ఇప్పుడు దొరికేది ఎక్కువగా పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు, దీనికి కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి. గోనెసంచులు పరిచి తడుపుతూ ఉండండి. కారు 28 రోజులు బయటే ఉండనివ్వండి. "వారం చాలు సార్" అనే మాట ప్రతి మేస్త్రీ నోటా వింటారు.

6. కప్పు

మే నెలలో రేకు కింద మధ్యాహ్నం పని చేయలేం. సిమెంటు రేకయినా, రంగు రేకయినా వేడి వేడే. కింది వైపు ఎత్తు 10 అడుగులు పెట్టి, గోడకూ రేకుకూ మధ్య ఒక అడుగు ఖాళీ వదిలి, ఎలుకలు, పావురాలు రాకుండా జాలీ కొట్టించండి. వేడిగాలి పైనుంచి పోతుంది. రంగు రేకులయితే లేత రంగు తీసుకోండి.

ప్రతి 10 అడుగులకు అడుగున్నర నుంచి రెండు అడుగుల వాలు ఇవ్వండి. కోస్తాలో ఉన్నవాళ్లకు తుపాను భయం ఉంటుంది కాబట్టి హుక్కు బోల్టులు ఎక్కువ వేయించండి, స్తంభాల గుంతలు లోతుగా తీయించండి. రేకు ఎగిరేది పై బరువు చాలక కాదు, కింద పట్టు లేక.

ఫ్రేము వెల్డింగ్, రేకులు పూర్తయ్యాకే నేల పై పొర పోయండి. వెల్డింగ్ నిప్పురవ్వలు కొత్త నేల మీద మచ్చలు చేస్తాయి. పైగా నీడ ఉంటే నీళ్లు పట్టడం తేలిక.

7. షట్టరా, గేటా

తెరిచినప్పుడు వెడల్పు 9 అడుగులు ఉండాలి. 8 అడుగుల్లో కారు వెళుతుంది, మనశ్శాంతి వెళ్లదు. షట్టరయితే పైన చుట్టకు ఒకటిన్నర అడుగు ఎత్తు పోతుంది. తెరిచే గేటు రోడ్డు మీదికి తెరుచుకోకూడదు. స్లైడింగ్ గేటుకు పక్కన అంతే పొడవు గోడ ఉండాలి. ఇంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

8. కరెంటు

ఇంట్లో హాలు లైన్లోంచి ఓ వైరు లాగి షెడ్డుకు ఇచ్చేస్తారు. గ్రైండరు ఆన్ చేయగానే టీవీ మిణుకుమంటుంది. అలా కాకుండా మీటరు బోర్డు నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేరుగా తెచ్చి, షెడ్డులో చిన్న డీబీ (లైన్లు విడగొట్టే స్విచ్చుల పెట్టె) పెట్టించండి.

లోడు లెక్క:

- 4 అంగుళాల గ్రైండరు: 850 వాట్లు
- 2 హెచ్‌పీ కంప్రెసర్: దాదాపు 1,500 వాట్లు
- ఎలక్ట్రిక్ కారు ఇంటి ఛార్జింగు, 16 ఆంపియర్ల ప్లగ్గు: 3,300 వాట్లు
- లైట్లు, ఫ్యాను: 150 వాట్లు

అన్నీ కలిపి వేస్తే 5,800 వాట్లు. మీ మీటరుకు మంజూరైన లోడు 3 కిలోవాట్లయితే ఇంట్లో ఏసీ కూడా నడుస్తున్నప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి. కరెంటు సరఫరా చేసే డిస్కంలో లోడు పెంపునకు దరఖాస్తు పెట్టండి. బయటివాళ్ల బళ్లు డబ్బు తీసుకుని బాగుచేస్తే అది ఇంటి కేటగిరీ కిందికి రాదు, వాణిజ్య కనెక్షన్ తీసుకోవాలి.

చేయించాల్సినవి:

- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి.
- 16 ఆంపియర్ల ప్లగ్గులకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఎలక్ట్రిక్ బండికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు).
- ప్లగ్గులు నేల నుంచి 4 అడుగుల ఎత్తులో. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంబడే పాకుతుంది. కింద స్విచ్చు నుంచి చిన్న నిప్పురవ్వ చాలు.
- బెంచీ పైన రెండు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు. అవి మీ తల వెనక కాదు, ముందు ఉండాలి. లేకపోతే మీ నీడే మీ పని మీద పడుతుంది.

ఎర్త్ సంగతి. నా షెడ్డు వైరింగ్ చేసినాయన మూడో పిన్నుకు వైరే కలపలేదు, ప్లగ్గు మాత్రం మూడు పిన్నులది బిగించాడు. డ్రిల్లు పట్టుకుంటే సన్నగా జిల్లుమంటే గానీ తెలియలేదు. పని అయ్యాక మల్టీమీటరుతో ప్రతి ప్లగ్గులో ఫేజు–ఎర్త్ మధ్య చూడండి, 230 వోల్టుల దగ్గర రావాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ గుంతను మళ్లీ చూపించండి. ఇది చూశాకే చివరి డబ్బు ఇవ్వండి.

9. బెంచీ, అరలు

ఎత్తు మీ మణికట్టుకు సరిపోవాలి. చేతులు వేలాడేసి నిలబడి, మణికట్టు దాకా కొలవండి. చాలామందికి 33 నుంచి 36 అంగుళాలు వస్తుంది. లోతు 2 అడుగులు మించితే గోడ దగ్గర పెట్టిన వస్తువు అందదు.

ఇనుప యాంగిల్ ఫ్రేము మీద 18 ఎంఎం ప్లైవుడ్ రెండు పొరలు వేస్తే సుత్తి దెబ్బ తట్టుకుంటుంది. పాత ఇంటి తలుపు చెక్క దొరికితే ఇంకా మంచిది. కడప బండ వేయాలని కొందరంటారు, కడగడానికి బాగుంటుంది కానీ దెబ్బకు అంచు లేచిపోతుంది. బెంచ్ వైస్ (వస్తువును కదలకుండా పట్టి ఉంచే ఇనుప పట్టు) మూలన, బెంచీ కాలు సరిగ్గా దాని కిందికి వచ్చేలా బిగించండి.

10. పనిముట్లు ఎప్పుడు, ఎక్కడ

మొదటి విడత: పానాల సెట్టు, సుత్తి, స్క్రూడ్రైవర్లు, పట్టుకారు, టేపు, మల్టీమీటరు, డ్రిల్లు, కళ్లకు రక్షణ అద్దాలు. కారు కింద దూరేవాళ్లకు జాకీ స్టాండ్లు రెండు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి వెళ్లొద్దు, ఎంత చిన్న పనైనా.

మిగతావి అవసరం మూడోసారి వచ్చినప్పుడు కొనండి. రెండుసార్లు అద్దెకో అరువుకో తెచ్చుకోండి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఒకరోజు తిరిగితే అన్ని ధరలూ తెలిసిపోతాయి. గ్రైండరు కట్టింగ్ వీల్ కొనేటప్పుడు మధ్యలోని ఇనుప రింగు మీద తేదీ చూడండి. వాటికీ గడువు ఉంటుంది, గడువు దాటింది తిరుగుతూ తిరుగుతూ పగలొచ్చు.

మంటలార్పే 4 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ తలుపు దగ్గర తగిలించండి, లోపలి మూలన కాదు. నిప్పు పుట్టేది అక్కడే అయితే దాన్ని ఎలా అందుకుంటారు? పాడైన ఇంజిన్ ఆయిల్ డ్రైనేజీలో పోయకుండా డబ్బాలో దాచి, వాడిన ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

11. వచ్చాక సరిదిద్దుకునేవి

- నీళ్లు లోపలే నిలుస్తున్నాయి: వాలు తప్పింది. గేటు దగ్గర అడ్డంగా 4 అంగుళాల కాలువ కోసి జాలీ వేయండి. నేలంతా తవ్వక్కర్లేదు.
- నేల దుమ్ము రేగుతోంది: నీళ్లు తక్కువ పట్టారు. బాగా ఊడ్చి, కడిగి, ఆరాక కాంక్రీటు హార్డెనర్ పూయించండి.
- కారు గోడకు తగులుతోంది: నేలకు వీల్ స్టాపర్ బిగించండి. అప్పటిదాకా పైనుంచి దారంతో ఓ టెన్నిస్ బంతి వేలాడదీస్తే చాలు, అద్దానికి తగలగానే ఆపాలి.
- పనిముట్లు తుప్పు పడుతున్నాయి: సముద్రం దగ్గర ఊళ్లలో ఇది తప్పదు. మూత ఉన్న పెట్టెలో, పలచగా నూనె రాసి పెట్టండి.
- ఇంజిన్ పొగ నిలిచిపోతోంది: షట్టరు దించి ఇంజిన్ నడపడం వెంటనే ఆపండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

12. అద్దె ఇల్లయితే

నేల, కప్పు జోలికి వెళ్లొద్దు. కరెంటు విషయంలో ఓనరుగారితో మాట్లాడి ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు, ఆర్‌సీసీబీ పెట్టించుకోండి, ఆ ఖర్చు అద్దెలో తగ్గించమని అడగొచ్చు. జాకీ కింద పెట్టడానికి ఒకటిన్నర అడుగుల చదరపు దళసరి ప్లైవుడ్ ముక్క కొనండి. బెంచీ వెల్డింగ్ చేయించకుండా నట్టు బోల్టులతో బిగించుకోండి, పొడవు ఆరడుగులు మించొద్దు. ఖాళీ చేసే రోజు ట్రాలీ ఆటోలో అడ్డంగా పెట్టాల్సిన పని ఉండదు.